సంఘం కార్యకర్తలకు హక్కుల శిక్షణ: సొంత సామగ్రి తయారు చేసుకోవడం ఎలా?

హక్కుల మీద శిక్షణ అనగానే చాలా చోట్ల ఒకే తంతు నడుస్తుంది. గోడకు బ్యానరు, బల్ల మీద పూలగుత్తి, జిల్లా కేంద్రం నుంచి వచ్చిన వక్త, రాజ్యాంగ పీఠికతో మొదలై భోజనాల వేళ దాకా సాగే ఉపన్యాసం. వచ్చినవారికి సంచి, నోటు పుస్తకం, పెన్ను చేతికిస్తారు. సంతకాల పట్టిక, గ్రూపు ఫొటో నిధులిచ్చినవారికి చేరతాయి. కొన్ని నెలలు గడిచాక ఆ కార్యకర్తల్లో ఒకరిని ఆపి, "రేషన్ కార్డులో పేరు తీసేస్తే ఎవరికి రాయాలి, ఏమని రాయాలి?" అని అడిగి చూడండి. నీళ్లు నమలడం తప్ప జవాబు రాదు. అందులో కార్యకర్త తప్పేమీ లేదు. ఆ రెండు రోజుల్లో వారి చేత ఒక్క దరఖాస్తు కూడా ఎవరూ రాయించలేదు.

ఇక్కడ చెప్పేదంతా చిన్న సంఘాల కోసం. ఒక మండలంలో కొన్ని ఊళ్లకు పరిమితమై పనిచేసే మహిళా సంఘాలు, దళిత, ఆదివాసీ సంఘాలు, కూలీల సంఘాలు, యువజన బృందాలు. పెద్ద సంస్థల దగ్గర మాడ్యూళ్లు, ఫెసిలిటేటర్లు, ముద్రించిన కరదీపికలు ఉంటాయి. మీ దగ్గర అవేవీ లేకపోయినా నష్టం లేదు. నా లెక్కలో శిక్షణకు కొలబద్ద ఒక్కటే: అది ముగిసేసరికి ఎన్ని దరఖాస్తుల మీద కార్యాలయం ముద్ర పడింది? సామగ్రినంతా ఆ ముద్ర దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ తయారు చేసుకోవాలి.

ఒక హక్కు, ఒక కార్యాలయం, ఒక కాగితం

ముందుగా, అన్ని హక్కులనూ ఒకే శిక్షణలో చెప్పేయాలన్న ఆశ వదులుకోండి. భూమి, రేషన్, పింఛను, బడి, ఆసుపత్రి, గృహహింస అన్నీ రెండు రోజుల్లో కుక్కితే ఏదీ మిగలదు. మీ ప్రాంతంలో ఎక్కువమందిని వేధిస్తున్న ఒక్క విషయం ఎంచుకోండి.

ఎంచుకోవడానికి సర్వే ఫారాలు అక్కర్లేదు. సోమవారం పొద్దున కలెక్టరేట్ దగ్గరకు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక నడిచేది ఆ రోజే. గేటు బయట అర్జీలు రాసిపెట్టేవారు కనిపిస్తారు. ఏ మండలం నుంచి ఏ బాధతో ఎక్కువమంది వస్తున్నారో, ఏ అర్జీ ఎన్నిసార్లు తిరిగొస్తోందో ఏ ప్రాజెక్టు నివేదిక కన్నా వారే బాగా చెప్పగలరు. ఆ తర్వాత మీ సభ్యుల ఇళ్లకు వెళ్లండి. "మీ సమస్యలు చెప్పండి" అని అడిగితే రోడ్డు, నీళ్లు, డ్రైనేజీ అని అలవాటైన పాఠం అప్పజెబుతారు. "పెట్టెలో దాచుకున్న ఆఫీసు కాగితాలు ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. తిరస్కరించిన అర్జీ, పేరు తప్పుపడిన పాసు పుస్తకం, ఎందుకిచ్చారో తెలియని నోటీసు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. మీ శిక్షణకు మొదటి పాఠ్యపుస్తకం అదే. ఇంటివారి అనుమతితో వాటిని ఫోనులో ఫొటో తీసుకోండి. పేర్లు, ఆధార్ నంబర్లు చెరిపేశాకే వాడండి.

ఈ వ్యాసంలో రేషన్‌ను ఉదాహరణగా పట్టుకుని నడుస్తాను. కార్డు దాదాపు ప్రతి పేద ఇంట్లో ఉంటుంది, దుకాణం ఊళ్లోనే ఉంటుంది, చట్టం స్పష్టంగా ఉంది. కొత్త కార్యకర్తకు ఇంతకంటే మంచి ఆరంభం దొరకదు.

ఎవరు ఎవరికి బాకీ?

హక్కుల ప్రాతిపదికన అభివృద్ధి అనే ఆలోచన వెనక పెద్ద చరిత్రే ఉంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1986 డిసెంబరు 4న అభివృద్ధి హక్కు ప్రకటనను ఆమోదించింది. 2003లో ఐరాస సంస్థలన్నీ తమ అభివృద్ధి పనికి మానవ హక్కులే ప్రాతిపదిక కావాలని ఒక ఉమ్మడి అవగాహనకు వచ్చాయి. శిక్షణ ఇచ్చేవారికి ఇది తెలిసి ఉండాలి. కార్యకర్తల ముందు మాత్రం దీనికి పది నిమిషాలకు మించి కేటాయించవద్దు. వారికి కావలసింది ఇందులోని ఒక్క మెలిక: హక్కు ఉన్న ప్రతి మనిషికీ ఎదురుగా, పేరూ హోదా ఉన్న ఒక బాధ్యుడు ఉంటాడు. ఆ బాధ్యుడెవరో చెప్పలేకపోతే అది ఇంకా హక్కు కాలేదు, కోరిక దగ్గరే ఆగిపోయింది.

అందుకే మొదటి చార్టు ఇలా గీయించండి. ఎడమవైపు మనిషికి రావలసింది, కుడివైపు ఇవ్వవలసినవారు, మధ్యలో సెక్షన్ నంబరు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు రావాలి. కోటా ఇవ్వకపోతే ఆహార భద్రత భత్యం చెల్లించాలని సెక్షన్ 8 చెబుతుంది. కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్లు నిండిన పెద్ద మహిళ ఉండాలన్నది సెక్షన్ 13. ఫిర్యాదుకు జిల్లా స్థాయి అధికారి సెక్షన్ 15లో, రాష్ట్ర ఆహార కమిషన్ సెక్షన్ 16లో ఉన్నారు. సెక్షన్ 27ను అందరూ మరిచిపోతారు: రేషన్ రికార్డులన్నీ ప్రజల పరిశీలనకు తెరిచి ఉంచాలి. అంటే స్టాకు రిజిస్టరు చూపమని అడిగితే అది డీలరుతో గొడవ పెట్టుకోవడం కాదు.

కుడివైపు గడిలో "ప్రభుత్వం" అని రాస్తే ఒప్పుకోవద్దు. డీలరు, తహసీల్దారు కార్యాలయం, జిల్లా పౌర సరఫరాల అధికారి అని విడివిడిగా రాయించండి. మీ జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార బాధ్యత ఏ అధికారికి అప్పగించారో కలెక్టరేట్‌లో అడిగి, హోదాను చార్టులో నింపండి. ఖాళీ మిగిలిన గడి ఉంటే దాన్నే ఒక కార్యకర్తకు ఇంటిపనిగా ఇవ్వండి.

ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది?

చట్టం అసలు పాఠం చేతిలో లేకుండా సామగ్రి మొదలుపెట్టవద్దు. కేంద్ర చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. నియమాలు వేరు, చట్టం వేరు. రుసుములు, ఫారాలు, గడువులు ఎక్కువగా నియమాల్లో ఉంటాయి కాబట్టి రెండూ దించుకోండి. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ కేంద్ర సిబ్బంది శిక్షణ శాఖతో కలిసి సమాచార హక్కుపై ఆన్‌లైన్ కోర్సు నడిపింది. మీ సంఘంలో కాస్త చదువుకున్న ఇద్దరి చేత అలాంటిదొకటి పూర్తి చేయిస్తే, వారే మీకు శిక్షకులవుతారు. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ప్రచురణలు గ్రామసభ, స్థానిక పాలన విషయాల్లో పనికొస్తాయి. అయితే అవి ఎక్కువగా అధికారుల కోసం రాసినవి. యథాతథంగా జిరాక్స్ తీసి పంచితే ఎవరూ చదవరు.

ఎక్కువమంది పట్టించుకోని వనరు జిల్లా న్యాయసేవాధికార సంస్థ. 1987 న్యాయసేవల అధికార చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు వంటి వర్గాలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. ఈ సంస్థలు పారాలీగల్ వలంటీర్లకు, అంటే లాయర్లు కాకపోయినా న్యాయ విషయాల్లో ఊరివారికి సాయపడేవారికి, శిక్షణ ఇస్తాయి, ఊళ్లలో న్యాయ అవగాహన సదస్సులు పెడతాయి. ఒక లేఖ రాసి అడిగితే వక్తను పంపుతారు, కరపత్రాలు ఇస్తారు. 15100 హెల్ప్‌లైన్ నంబరును మీ సామగ్రిలో ప్రతి పేజీ అడుగునా అచ్చు వేయించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, ఊరి యువతకే భూమి రికార్డులు చదవడం నేర్పి పారాలీగల్స్‌గా పనిచేయించింది. అప్పుడు పనిచేసినవారు మీ మండలంలో ఉంటే వెతికి పట్టుకోండి. అడంగల్ చదవడం నేర్పడానికి అంతకన్నా మంచి గురువు దొరకడు.

పాతబడ్డ పేజీలు ఏరిపారేయండి

సేకరించినదాన్ని వాడే ముందు తేదీ చూడండి. దీని మీద కాస్త కఠినంగా ఉండాల్సిందే, ఎందుకంటే పాత సమాచారంతో వెళ్లిన కార్యకర్తను కౌంటరు దగ్గర గుమాస్తా ఒక్క మాటతో తిప్పి పంపేస్తాడు. ఆ తర్వాత ఊళ్లో ఆ కార్యకర్త మాట చెల్లదు.

ఈ మధ్య ఎన్ని మారాయో చూడండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ, అంటే పాత శిక్షాస్మృతి, స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, పాత సెక్షన్ నంబర్లున్న పుస్తకాలన్నీ సరిదిద్దుకోవాలి. తెలంగాణ భూరికార్డుల్లో ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఉపాధి హామీకి 2005 నాటి చట్టం స్థానంలో 125 రోజుల హామీతో మరో చట్టాన్ని 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది. వంద రోజులని రాసిన గోడపత్రికలు ఇంకా అనేక సంస్థల అలమరాల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ రేషన్ వాహనాలు 2025 జూన్ నుంచి ఆగి, సరుకులు మళ్లీ దుకాణంలోనే ఇస్తున్నారు. తెలంగాణలో అదే ఏడాది ఉగాది నుంచి సన్నబియ్యం, అదీ మనిషికి 6 కిలోలు. ఒక రాష్ట్రంలో రైస్ కార్డు, మరో రాష్ట్రంలో ఆహార భద్రత కార్డు. సరిహద్దు మండలాల్లో పనిచేసే సంఘాలు పక్క రాష్ట్రం కరపత్రం తెచ్చి పంచితే గందరగోళమే.

కాబట్టి మీరు తయారు చేసే ప్రతి పేజీ కింద "సరిచూసిన నెల" అని ఒక గడి పెట్టండి. ఏడాదికొకసారి ఒకరు కూర్చుని ఆ గడి మళ్లీ నింపాలి. నింపని పేజీని కట్ట నుంచి తీసేయాలి. ఇదొక్కటి చేసినా మీ సామగ్రి చాలా సంస్థల సామగ్రి కన్నా ముందుంటుంది.

చదవలేనివారు వెనక బెంచీలో ఉండకూడదు

మీ సంఘంలో గట్టిగా నిలబడి మాట్లాడేవారిలో చాలామందికి చదువు రాకపోవచ్చు. అక్షరాలతో నిండిన కరదీపిక వారిని మెల్లగా పక్కకు నెట్టేసి, ఇంటర్ చదివిన కుర్రాళ్ల చేతికి పెత్తనం అప్పగిస్తుంది. ఇది హక్కుల శిక్షణల్లో తరచూ జరిగే అన్యాయం.

దీనికి విరుగుడు బొమ్మల పుస్తకం కాదు. అసలు కాగితాన్నే పెద్దది చేసి గోడకు అంటించండి. రేషన్ కార్డు, దుకాణంలో వేలిముద్ర తీసుకునే ఈపాస్ యంత్రం నుంచి వచ్చే రసీదు, తహసీల్దారు కార్యాలయం నోటీసు వంటివి ఒక్కోటి చార్టు పేపరంత సైజులో ఉండాలి. అంకెలు, ముద్ర, తేదీ, సంతకం ఎక్కడున్నాయో అక్షరం రానివారు కూడా ఆ పూటలోనే గుర్తుపడతారు. డబ్బు లెక్కలు, కూలి రోజులు నోటి మీద చెప్పగలిగేవారికి రసీదులో అంకె పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, రాయలేనివారు నోటితో చెబితే దాన్ని రాతలో పెట్టడానికి సమాచార అధికారే సాయం చేయాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) చెబుతోంది. ఈ వాక్యాన్ని అందరి చేతా కంఠతా పట్టించండి.

వినికిడి సామగ్రి కూడా చేసుకోండి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. ఊరి మాటలో, ఊరి గొంతుతో విషయం చెబితే ఎంత దూరం వెళ్తుందో అక్కడ చూడవచ్చు. మీకు రేడియో అక్కర్లేదు. ఫోనులో అయిదు నిమిషాల రికార్డింగు, అదీ మీ ఊరి మనిషి గొంతులో ఉంటే చాలు. రాసిన ప్రతి పాఠాన్నీ అచ్చుకు ముందు ముగ్గురు నలుగురు సభ్యులకు చదివి వినిపించండి. వారు "మళ్లీ చెప్పు" అన్న చోటల్లా వాక్యం విరగ్గొట్టండి.

రెండు రోజులు ఎలా నడపాలి?

మొదటి రోజు ఉపన్యాసంతో మొదలుపెట్టవద్దు. వచ్చేవారిని తమ కార్డు, చివరిసారి తీసుకున్న సరుకుల రసీదు తెచ్చుకోమని ముందే చెప్పండి. నలుగురైదుగురు చొప్పున కూర్చోబెట్టి కార్డులో ఎంతమంది ఉన్నారు, రావలసింది ఎంత, రసీదులో ఎంత ఉంది, ఇంటికి చేరింది ఎంత అని చార్టు మీద రాయించండి. ఈ నాలుగు అంకెలు పక్కపక్కన పడగానే గది వేడెక్కుతుంది. వేలిముద్ర పడలేదని వెనక్కి పంపిన ముసలమ్మ, పెళ్లయి వెళ్లిన కూతురి పేరు తీయకుండా కోడలి పేరు చేర్చని సంగతి, చనిపోయినట్టు రాసి తీసేసిన బతికున్న మనిషి, అన్నీ వారి నోటి నుంచే వస్తాయి. చట్టం పాఠం అప్పుడు చెప్పండి. ఇందాకటి బాధ్యుల చార్టు కూడా అప్పుడే గోడకెక్కాలి.

మధ్యాహ్నం రాత పని: సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. ఇందులో తొందరపడవద్దు, పూట మొత్తం దీనికే. ముందు ఎవరికి తోచినట్టు వారిని రాయనివ్వండి. సాధారణంగా ఇలా వస్తుంది: "మా ఊరికి బియ్యం ఎందుకు సరిగా ఇవ్వడం లేదో తెలుపగలరు." ఈ ప్రశ్నకు "నిబంధనల ప్రకారమే ఇస్తున్నాము" అని ఒక్క వాక్యంతో జవాబు ముగించవచ్చు. సమాచార హక్కు చట్టం ఇచ్చేది కార్యాలయం దగ్గరున్న రికార్డును, అభిప్రాయాన్ని కాదు. ఎందుకు, ఎలా అని అడగకుండా నకలు, రిజిస్టరు, ఉత్తర్వు, తేదీ అని అడగడం నేర్పాలి. అదే ప్రశ్న దిద్దాక ఇలా మారుతుంది:

"పౌర సమాచార అధికారి, తహసీల్దారు కార్యాలయం గారికి. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఒకటి, మా గ్రామంలోని ఫలానా నంబరు చౌకధరల దుకాణానికి గత మూడు నెలల్లో నెలవారీగా విడుదలైన బియ్యం పరిమాణం తెలిపే ఉత్తర్వుల నకళ్లు. రెండు, అదే కాలానికి ఆ దుకాణం స్టాకు రిజిస్టరు నకలు. మూడు, గత ఏడాదిలో ఆ దుకాణం పరిధిలో తొలగించిన కార్డుల సంఖ్య కారణాల వారీగా, తొలగింపునకు ఆధారమైన ఆదేశాల నకళ్లు. నాలుగు, అదే ఏడాదిలో ఆ దుకాణంపై జరిగిన తనిఖీల నివేదికల నకళ్లు."

మూడో అంశంలో పేర్లు అడగకుండా సంఖ్య, కారణం అడగడం గమనించారా? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చేసింది. వ్యక్తిగత సమాచారం అనే ఒక్క మాటతో నిరాకరించడం ఇప్పుడు తేలిక. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే సెక్షన్ 8(2) ఇంకా ఉంది, కానీ మొదటి దరఖాస్తులోనే ఆ పేచీ కొనితెచ్చుకోవడం ఎందుకు?

దరఖాస్తుకు కారణం చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటుంది. "నీకెందుకు?" అన్న ప్రశ్నకు కార్యకర్త నవ్వి ఊరుకునేలా అభ్యాసం చేయించండి. ఒకరు గుమాస్తాగా, ఒకరు దరఖాస్తుదారుగా, ఒకరు మధ్యలో దూరి "రాజీ చేసుకుందాం" అనే ఊరి పెద్దగా నటిస్తే సరి. ఈ నాటకాన్ని నవ్వులాటగా వదిలేయకండి. అసలు కౌంటరు దగ్గర కాళ్లు వణక్కుండా ఉండేది దీని వల్లే. రుసుము గురించి కూడా చెప్పండి: తెలుగు రాష్ట్రాల నియమాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు కానీ రుజువు జతచేయాలి.

రెండో రోజు గదిలో కూర్చోవద్దు. పొద్దున దుకాణానికి వెళ్లి బోర్డు మీద ఏం రాశారో చూసి రాసుకోవాలి. ఆ తర్వాత మండల కార్యాలయానికి వెళ్లి, నిన్న రాసిన దరఖాస్తులు ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయనంటే? స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోవాలి. దగ్గర్లోని పోస్టాఫీసు వేళలు ముందే కనుక్కోండి, మధ్యాహ్నం వెళ్తే మూసి ఉండవచ్చు. అధికారిని శిక్షణకు పిలవాలనుకుంటే రెండో రోజు ఆఖరి గంటకే పిలవండి. అప్పటికి మీవాళ్ల దగ్గర అడగడానికి అసలు ప్రశ్నలుంటాయి. ప్రారంభోత్సవానికి పిలిస్తే ఆయన ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోతారు.

చదివి వినిపించడంలోని బలం

కాగితం సంపాదించాక ఏం చేయాలో కూడా సామగ్రిలో ఉండాలి. ఇక్కడ రాజస్థాన్ కథ చెప్పండి. 1990లో ఏర్పడిన కూలీల, రైతుల సంఘం మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో మొదటి జన సున్వాయీ, అంటే బహిరంగ విచారణ, పెట్టింది. ఊరి పనుల మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు జనం మధ్య బిగ్గరగా చదివారు. ఎవరి పేరుతో ఎంత కూలి రాశారో విన్నవారు తామే లేచి నిజం చెప్పారు. చదువు రాని సభకు రికార్డు అందింది అలా. అక్కడి నుంచి సమాచార హక్కు కోసం 1996లో బ్యావర్ పట్టణంలో ధర్నా, చివరికి 2005 సమాచార హక్కు చట్టం.

ఈ పద్ధతి మనకూ కొత్త కాదు. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే మొదలైంది. కూలి కుటుంబాల యువతకు శిక్షణ ఇచ్చి రికార్డులు చేతికిచ్చి ఇంటింటికీ పంపారు, తర్వాత గ్రామసభ, ఆపైన మండల బహిరంగ విచారణ. మీ మండలంలో ఆ తనిఖీల్లో పనిచేసినవారెవరైనా ఉంటే ఒక పూట పిలిపించుకోండి. పద్దు చదవడం, సంతకం పోల్చడం, ఇంటావిడను భయపెట్టకుండా ప్రశ్న అడగడం వారికి చేతిపని.

అడవి ఊళ్లలో మరో కట్ట

పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వంటి చోట్ల రేషన్ కంటే ముందు భూమి. అక్కడ 2006 అటవీ హక్కుల చట్టం చుట్టూ సామగ్రి కట్టాలి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉండాలన్నది గీత, కుటుంబానికి 4 హెక్టార్లు పరిమితి. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రావాలి. వ్యక్తిగత హక్కుకు ఫారం ఎ, సామూహిక హక్కులకు ఫారం బి, ఊరి అడవి మొత్తం మీద హక్కుకు ఫారం సి. మొదటిదాని గురించే అందరూ మాట్లాడతారు. వెదురు, అడ్డాకులు, తునికాకు మీద బతికే ఊళ్లకు మిగతా రెండూ అంతకంటే విలువైనవి కావచ్చు. వాటికి సగం రోజైనా కేటాయించండి.

ఇక్కడ అభ్యాసం గదిలో సాగదు. ఊరి పెద్దలతో హద్దు వెంట నడిచి, పాత గట్టు, చదును చేసిన మడి, సమాధి, చింతచెట్టు ఎక్కడున్నాయో నేల మీద ముగ్గుతో పటం గీయాలి. దాన్ని కాగితం మీదకు ఎక్కించాలి. హక్కు కోరే మనిషి కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాసి జతచేస్తే అదీ సాక్ష్యమేనని నియమం 13 చెబుతుంది. ఈ కాగితం జతచేయకపోతే దరఖాస్తు "ఆధారాలు లేవు" అని తిరస్కారానికి గురికావచ్చు. గ్రామసభకు సగం మంది హాజరు, అందులో మూడో వంతు మహిళలు ఉండాలి. తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, ఆపైన మళ్లీ 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లవచ్చు. శిక్షణ తెలుగులో మాత్రమే నడిపితే సగం మందికి అర్థం కాదు. గోండి, కోయ, సవర మాట్లాడే ఊళ్లలో ఆ భాష వచ్చిన మనిషే ముందు నిలబడాలి, తెలుగు శిక్షకుడు పక్కన కూర్చోవాలి.

కొన్ని జాగ్రత్తలు

సమాచారం అడిగినవారిపై బెదిరింపులు, దాడులు జరిగిన దేశం మనది. శిక్షణలో ఈ సంగతి దాచవద్దు. ఇబ్బందికరమైన దరఖాస్తు ఒంటరి మనిషి పేరు మీద వేయకుండా, ఒకే అంశంపై నలుగురైదుగురు వేర్వేరు ఊళ్ల నుంచి వేయాలి. నకళ్లు సంఘం దగ్గర, మరో నమ్మకమైన చోట ఉంచాలి. ఫొటోలు ఎవరివి తీశారో వారిని అడగకుండా గ్రూపుల్లో పెట్టవద్దు.

కూర్చునే తీరు, తినే తీరు కూడా శిక్షణలో భాగమే. దళితవాడ సభ్యులు ఒక మూలకు చేరితే, వంట ఎవరు చేయాలన్న దగ్గర గుసగుసలు మొదలైతే, హక్కుల పాఠం అక్కడే ఆగిపోతుంది. వేదిక ఎంపికలో కూడా చూడండి, కొందరు కాలు పెట్టడానికి వెనకాడే ఇంట్లోనో గుడి ఆవరణలోనో పెట్టకండి. చంటిపిల్లల తల్లులు వస్తారనుకుంటే పిల్లల్ని చూసుకునే ఒక మనిషికి కూలి కట్టండి. చాలా బడ్జెట్లలో బ్యానరుకు డబ్బుంటుంది, దీనికి ఉండదు.

ఖర్చు విషయంలో మరొక మాట. విదేశీ నిధులతో నడిచే పెద్ద సంస్థ ఏదైనా మీ శిక్షణకు సాయపడతానంటే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి వచ్చిన 2020 సవరణ తర్వాత ఆ నిధులను మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. ఖర్చును వారే నేరుగా భరించి, బిల్లులు వారి పేరునే తీసుకోవాలి.

తర్వాతి నెలల లెక్క

శిక్షణ అయిపోయిన రోజునే ప్రతి కార్యకర్తకూ ఒక చిన్న రిజిస్టరు ఇవ్వండి. దరఖాస్తు విషయం, ఇచ్చిన తేదీ, కార్యాలయం, 30 రోజుల గడువు ఎప్పుడు ముగుస్తుంది, జవాబు వచ్చిన తేదీ, తర్వాతి అడుగు. ఆఖరి గడి ఖాళీగా వదలకూడదు. సహాయ సమాచార అధికారి ద్వారా ఇస్తే గడువుకు మరో 5 రోజులు కలుస్తాయి. దరఖాస్తు తప్పు కార్యాలయానికి వెళ్లినా 5 రోజుల్లో సరైన చోటుకు బదిలీ చేయాల్సింది వారే. మనిషి ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో రావాలి. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది సెక్షన్ 7(6).

జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు అదే కార్యాలయంలోని పై అధికారికి. అది 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేలాలి. తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా ఉందని చెప్పండి. కానీ అది తప్పక పడుతుందని ఆశ పెట్టకండి.

రెండో విడత శిక్షణకు పిలిచేటప్పుడు కొత్త అంశం ఏదీ పెట్టుకోవద్దు. రిజిస్టర్లు తెచ్చుకోమని మాత్రం చెప్పండి. జవాబు రానివారు ఒక పక్క కూర్చుని మొదటి అప్పీలు రాస్తారు. వచ్చినవారు మరో పక్క ఆ స్టాకు రిజిస్టరు నకలును తమ ఇంటింటి రసీదులతో పక్కపక్కన పెట్టి, ఏ నెలలో ఎక్కడ తేడా పడిందో ఎర్ర సిరాతో గుర్తు పెడతారు. అలా గుర్తుపడ్డ పేజీలే వచ్చే సోమవారం కలెక్టరేట్‌కు, అవసరమైతే ఆహార కమిషన్‌కు వెళ్లాల్సిన అర్జీకి జతలు.